మీ వెనక తలుపు తెరిచి ఉంది

నేను చెప్పిన కథల్లో జనం మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నవన్నీ అబద్ధాలే. నిజంగా జరిగిన ఈ ఒక్కదాన్ని మాత్రం ఇంతవరకు ఎవరూ రెండోసారి అడగలేదు. విన్నవాళ్లు కూడా, ఒక్కడు తప్ప, సగంలో టీ గ్లాసు కింద పెట్టి, "సరే గని అన్నా, ఆ బల్లిది జెప్పు" అన్నవాళ్లే. కాగితం మీదైతే మీరు లేచిపోయినా నాకు కనబడదు కాబట్టి, ఇక్కడ రాస్తున్నాను.

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం నా పని. నాచారంలో ఫ్యాక్టరీల రోడ్డు మొదట్లో మా షాపు ఉండేది. ఇప్పుడక్కడ బిర్యానీ అమ్ముతున్నారు. నా కుర్చీ ఉన్న చోట పొయ్యి ఉంది, అదొక్కటే నాకన్నా ఎక్కువ సంపాదిస్తోంది. షాపులో ముగ్గురం. ఫోన్లు ఎత్తే సేటు, నేను, నాకన్నా కాస్త చిన్నవాడైన ఇంకో మెకానిక్. ఆ చిన్న మెకానిక్ దగ్గర ప్రపంచంలోని జబ్బులన్నిటికీ ఒకటే మందు ఉండేది. దాని పేరు ఫార్మాట్. అంటే మెషిన్లో ఉన్నదంతా తుడిచేసి మొదట్నుంచీ మళ్లీ ఎక్కించడం. మౌస్ కదలకపోయినా "ఫార్మాట్ కొడదామన్నా" అనేవాడు. వాడి పెళ్లిలో పంతులుగారు మంత్రం మరిచిపోతే కూడా అదే సలహా ఇచ్చాడని నేను ప్రచారం చేశాను. సగం నాచారం నమ్మింది. మిగతా సగం వాడి భార్యను అడిగి కనుక్కుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్లకు ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ఇది ఒంటరి పని. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంట్లో, బట్టలు ఆరేసిన మంచం పక్కన కూర్చుంటాం. వాళ్ల పిల్లల పుట్టినరోజులు, వాళ్లు దాచుకున్న రిపోర్టులు, పంపకుండా వదిలేసిన ఉత్తరాలు మన కళ్ల ముందే పోతుంటాయి. ఆ కాసేపు ఇంటి మనిషిలా ఉంటాం. మెషిన్ బాగైన మరుక్షణం చెప్పులు వెతుక్కోవాలి. దారిలో ఎదురుపడితే ముఖం తిప్పుకుంటారు, మనల్ని చూస్తే మెషిన్ మళ్లీ పాడవుతుందేమోనని.

నాకు ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు. గదికి తాళం వేసేదీ నేనే, తీసేదీ నేనే. అందుకని వైరస్ కోసం స్కాన్ పెట్టినప్పుడు నాకు పండగలా ఉండేది. తెర మీద ఆకుపచ్చ గీత ఈ చివర నుంచి ఆ చివరకు పాకేంతసేపు ఆ ఇంట్లో కూర్చునే హక్కు ఉంటుంది. అప్పుడు కథ మొదలుపెట్టేవాణ్ని. కథ బాగుంటే టీ వచ్చేది. ఇంకా బాగుంటే లోపలి గదిలో ఉన్న పెద్దాయన కుర్చీ లాక్కుంటూ వచ్చేవాడు. నాగోల్‌లో ఒక ఇంట్లో కంప్యూటర్ పెట్టెలో బల్లి కాపురం పెట్టిందనీ, సాయంత్రం దాంట్లో సీరియల్ మొదలయ్యే వేళకి తోకతో మీట నొక్కి మెషిన్ ఆపేసేదనీ, ఆ ఇంటి కోడలు దానికి మూతలో పాలు పోసి పెట్టేదనీ చెప్పేవాణ్ని. ఆ బల్లి నాకు చాలా ఇళ్లలో అన్నం పెట్టించింది. పేరు కూడా అదే తెచ్చింది. ఉప్పల్ నుంచి నాచారం దాకా నన్ను కోతల మెకానిక్ అనేవాళ్లు.

ఆ కోతను ఒక్క దెబ్బతో కూల్చింది ఉప్పల్‌లో ఒక పెద్దావిడ.

ఆవిడది గోదావరి వైపు. సర్కారు పరిశోధన సంస్థలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. పాత కాలనీలో చిన్న సొంత ఇల్లు. ఉద్యోగమంతా ఇంగ్లిషు కాగితాలను తెలుగులోకి, తెలుగు కాగితాలను ఇంగ్లిషులోకి తర్జుమా చేయడం, ఇతరులు చేసినవి దిద్దడం. మనిషి మాట్లాడుతుంటే కూడా కామాలు ఎక్కడ పడాలో చూస్తున్నట్టు చూసేవారు. కొత్త కంప్యూటర్ బిగించడానికి వెళ్లినప్పుడు బల్లి కథ మొత్తం చెప్పాను. ఆవిడ ఎక్కడా అడ్డు తగల్లేదు. చివర్లో కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"బల్లి ఆడదా, మగదా?"

"ఆడదేనమ్మా."

"ఆడదైతే సీరియల్ వేళకి ఆపేస్తుందేమిటి బాబూ? కూర్చుని చూడాలి కదా. మీ కోత బాగానే ఉంది, కుట్టే సరిగ్గా పడలేదు."

ఇన్నేళ్లలో నా కథను దిద్దిన మనిషి ఆవిడొక్కరే.

ఆ రోజే ఆ ఇంటి వెనక తలుపును చూశాను. హాల్లో బల్ల మీద కంప్యూటర్, దాని నెత్తిన కెమెరా. బల్ల ముందు కూర్చుంటే వీపు వెనక నుంచి వంటగది మీదుగా నేరుగా వెనక తలుపు. అది ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. నేను వైర్లు కలుపుతుంటే ఆ తలుపులోంచి ఒకామె లోపలికి వచ్చింది. నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని ఆమెది. నుదుటి మీద టోపీ అచ్చు ఇంకా పోలేదు. వెనక సందులో, గోడ అవతలి ఇంట్లో భార్యాభర్తలు అద్దెకుంటున్నారు. ఎవరూ రమ్మనలేదు, కూర్చోమనలేదు. అరలోంచి తను ఎప్పుడూ తాగే స్టీలు గ్లాసు తనే తీసుకుంది. గిన్నెలో టీ తనే వంచుకుంది. బల్ల పక్కన గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏం పెద్దమ్మా, మెషిన్ తెచ్చినవా? ఇగ నా పాటలన్ని దీంట్ల ఎక్కుతయా?"

"ఎక్కిస్తాను. నువ్వు మాత్రం నిన్నటిలాగా మధ్యలో చరణం మింగెయ్యకు."

విషయం ఏమిటంటే, ఆమె తన ఊరి పాటలు పాడుతుంటే ఈవిడ రాసుకునేవారు. ఇకపై కంప్యూటర్లో టైపు చేద్దామని అనుకున్నారు. జనగామ వైపు మాట ఒకరిది, గోదావరి మాట ఇంకొకరిది. ఇద్దరికీ మాటమాటకీ తగవు.

"యాది అంటే జ్ఞాపకమేగా? అదే వేస్తున్నాను."

"జ్ఞాపకం వేరే పెద్దమ్మా. అది నీ పుస్తకాలల్ల ఉంటది. యాది కడుపుల ఉంటది. యాదే కొట్టు."

పెద్దావిడ జ్ఞాపకాన్ని చెరిపేసి, యాది అనే కొట్టారు. అంతటి సూపరింటెండెంటు దిద్దుబాటుకి ఒప్పుకోవడం చూసి నేను స్క్రూడ్రైవర్ కింద పడేసుకున్నాను.

కొన్ని నెలలు పోయాయి. ఎండలు ముదిరిన రోజుల్లో సేటు ఫోను పెట్టేసి, "ఉప్పల్ పెద్దమ్మ. వైరస్ అంటుంది. గొంతుల మస్తు భయముంది, జల్ది పో" అన్నాడు.

ఆ వీధిని పైపుల కోసం తవ్వి పడేశారు. బండి మెయిన్ రోడ్డు మీద పెట్టి వెనక సందులోంచి నడిచాను. సందులో సామాన్ల వ్యాను ఆగి ఉంది. మంచం, డ్రమ్ములు, కూలరు. ప్యాకింగ్ పని చేసే ఆమె కొంగు నడుముకి దోపుకుని బిందెలకు తాడు కడుతోంది. ఆమె భర్త పైన నిలబడి సామాను సర్దుతున్నాడు.

"ఏమక్కా, ఖాళీ జేస్తున్నరా?"

"ఆఁ. నారపల్లి దిక్కు పోతున్నం. ఈయనకు ఆడ ప్లాట్ల వెంచర్ల వాచ్‌మన్ పని దొరికింది. రూమ్ గూడ ఆళ్లే ఇస్తరట."

"మరి పెద్దమ్మ పాటలెట్ల?"

ఆమె తాడు ముడి బిగించింది. తల ఎత్తలేదు.

"నువ్వు గీ తొవ్వల పోకన్నా. సుట్టు తిరిగి ముందు తలుపు కాడికి పో. గిప్పుడందరు ముందు తలుపు నుంచే రావాలంట."

ఎప్పుడూ తెరిచి ఉండే ఆ వెనక తలుపు మూసి ఉంది. నాకేమీ అర్థం కాలేదు. చుట్టు తిరిగి, తవ్విన మట్టి దిబ్బలెక్కి ముందు నుంచి వెళ్లాను.

పెద్దావిడ తలుపు ఓరగా తీసి, నా ముఖం చూసి, నా వెనక వీధిని చూసి, అప్పుడు లోపలికి రమ్మన్నారు. ఇల్లంతా ఫినాయిలు వాసన. అంత ఎండలో కిటికీలన్నీ మూసి, సందుల్లో కాగితం ప్లాస్టరు అంటించి ఉంది. ఫ్యాను వేడి గాలిని తిప్పుతోంది. హాల్లో కంప్యూటర్ కూతలు పెడుతోంది. తెర నిండా ఎర్ర పెట్టె. అందులో తెలుగు.

"హెచ్చరిక! మీ కిటికీలకు వైరస్ సోకినది. మీ వెనుక తలుపు తెరిచి ఉన్నది. అపరిచిత వ్యక్తి లోనికి ప్రవేశించుచున్నారు. సమస్తమును శుభ్రపరచుటకు ఇచట నొక్కుడు."

"ఇది ఎప్పటిసంది వస్తున్నదమ్మా?"

"తెలుగు అక్షరాల కోసం ఏదో ఉచితంగా ఇస్తామంటే దింపుకున్నాను. దానితోపాటే ఈ కాపలా సాఫ్టువేరు కూడా వచ్చింది. మంచిదే అనుకున్నాను. ముందు కిటికీలు అంది. కరోనా చూసినవాళ్లం కదా, ఎందుకొచ్చిందని పనిమనిషి చేత కడిగించాను." ఆవిడ గొంతు తగ్గింది. "ఆ తర్వాత ఒకరోజు వెనక తలుపు తెరిచి ఉందని చెప్పింది. తిరిగి చూస్తే నిజంగానే తెరిచి ఉంది. అపరిచిత వ్యక్తి అంది. చూస్తే గడపలో అదే, గోడ అవతలి పిల్ల, నిలబడి ఉంది. నెత్తిన కెమెరా ఉంది కదా బాబూ. చూసి చెప్తోందనుకున్నాను."

"మరి ఆమెకేం జెప్పిన్రు?"

"ఏం రాసింది పెద్దమ్మా అని అడిగింది. చదివి చెప్పలేకపోయాను." ఆవిడ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఇక మీదట ముందు తలుపు నుంచి రా అన్నాను. అంతే. ఇంకొక్క మాట అనలేదు."

ఆ ఒక్క మాట బరువు ఏమిటో ఆవిడకి తెలుసు. అందుకే అంతే అని మళ్లీ అన్నారు. ముందు తలుపు పోస్టుమన్‌కి, గ్యాసు బండివాడికి, నాకు. వెనక తలుపు నుంచి వచ్చే మనిషిని ముందు తలుపు నుంచి రమ్మంటే, ఇకపై గంట కొట్టి, ఎవరు అని అడిగించుకుని, పని చెప్పుకుని రమ్మన్నట్టు. ఆమె ఏ తలుపు నుంచీ రాలేదు.

"తలుపు మూసినంక ఇది ఊకున్నదా?"

"లేదు. ఇంకా తెరిచే ఉందంటోంది. అందుకే రెండో గొళ్లెం కూడా వేయించాను."

"రెండు గొళ్లేలు వేసినంక గూడ తెరిచున్నదంటే, అది అబద్ధం జెప్తున్నట్టే గదమ్మా?"

ఆవిడ నా వైపు చూడకుండా, "ఆ పిల్లకి లోపలికి రావడానికి ఇంకేదైనా దారి ఉందేమోనని..." అని ఆపేశారు. ఆ వాక్యాన్ని ఆవిడే పూర్తి చేయలేకపోయారు.

తమ్ముళ్లూ, అది దొంగ యాంటీవైరస్ అని నాకు చూడగానే తెలిసింది. వైరస్‌ని పడతానని చెప్పుకుంటూ వచ్చేదే వైరస్. నిజమైన కాపలాదారు నెమ్మదిగా వెతుకుతాడు, ఎప్పుడో ఒకసారి ఒక మాట చెబుతాడు. దొంగవాడు ఇంట్లోకి అడుగు పెట్టగానే వందలు కనిపెట్టానంటాడు, కేకలు పెడతాడు, ఇప్పుడే ఈ క్షణమే నొక్కమంటాడు, నొక్కితే కార్డు నంబరు అడుగుతాడు. పెట్టె మూలన ఉన్న మూసే గుర్తు నొక్కినా ఇంకో పెట్టె తెరుచుకుంటుంది. అందుకని ఆ పెట్టెలో దేన్నీ ముట్టుకోకూడదు. ముందు నెట్ తీగ పీకేయాలి.

పీకేశాను. పెట్టె మాత్రం అపరిచిత వ్యక్తి ఈ క్షణంలోనే నెట్ ద్వారా వస్తున్నాడని కూస్తూనే ఉంది.

"సూడున్రి అమ్మా, తొవ్వే లేదు. ఎట్ల వస్తడు?"

తర్వాత నా సంచిలోంచి సీలు కూడా తీయని పెన్‌డ్రైవ్ తీసి, ఆవిడ చేతే ప్యాకెట్ చింపించి పెట్టాను. అందులో ఏమీ లేదు. దొంగవాడు క్షణంలో దాని నిండా వైరస్‌లే అన్నాడు.

"ఖాళీ గిన్నెల పురుగులున్నయంటుంది. ఇది ఉత్తదమ్మా. దొంగది."

ఆవిడ చింపిన ప్యాకెట్‌ను తిప్పి చూశారు.

"బల్లి కథ చెప్పిన నోటితోనే కదా బాబూ ఇదీ చెప్తున్నారు. అదేమో ఎర్ర అక్షరాలతో చెప్తోంది. మీరేమో నవ్వుతూ చెప్తున్నారు. నేనెవర్ని నమ్మాలి?"

నేను నవ్వడం లేదు. కానీ నా ముఖం అప్పటికి అలాగే అచ్చుపడిపోయింది. ఇన్నాళ్లూ అబద్ధాలకు టీలు తాగినవాణ్ని, నిజం చేతిలో పెట్టుకుని కొనేవాళ్లు లేక నిలబడ్డాను.

దిక్కుతోచక షాపుకి ఫోన్ చేశాను. చిన్న మెకానిక్ ఎత్తాడు.

"ఇంతసేపు ఏందన్నా? ఫార్మాట్ కొట్టెయ్. టీ తాగి రా."

ఫోన్లో వాడి గొంతు పెద్దది. ఆవిడకి వినబడింది.

"అంటే అంతా తుడిచేస్తారా? పాటలు?"

"నేను తుడవనమ్మా."

"పాటలు పోతే మళ్లీ పాడటానికి అది రాదు బాబూ."

ఆ మాటతో నాకు ఫార్మాట్ దారి మూసుకుపోయింది. మళ్లీ తెరకేసి చూశాను. ఈసారి వైరస్‌ని కాకుండా ఆ తెలుగుని చూశాను. నొక్కుడు. ప్రవేశించుచున్నారు. ఇలాంటి తెలుగు ఏ మనిషీ రాయడు, యంత్రం మార్చిందే. మార్చిందంటే అసలు ఇంకో భాషలో ఉండాలి. పెట్టె అడుగున ఒక మూల చిన్న గోళం బొమ్మ కనబడింది. పెట్టెలో దేన్నీ ముట్టుకోకూడదని మీకు ఇప్పుడే చెప్పాను. నెట్ పీకేసి ఉంది కాబట్టి ధైర్యం చేసి నొక్కాను. భాషల వరస వచ్చింది. ఇంగ్లిషు ఎంచుకుని కుర్చీ ఆవిడకి వదిలేశాను.

ఆవిడ బయటికి చదివారు, ఆఫీసులో డ్రాఫ్టు చదివినట్టు.

"యువర్ విండోస్ ఈజ్ ఇన్ఫెక్టెడ్. ఎ బ్యాక్‌డోర్ ఈజ్ ఓపెన్..." ఆగారు. "విండోస్ అంటే ఈ మెషిన్ని నడిపేదే కదూ?"

"ఆఁ అమ్మా."

"బ్యాక్‌డోర్?"

"మనకు తెల్వకుండ మెషిన్ల జొరబడే సందు. మా పనిల గట్లనే అంటరు. మీ ఇంటి తలుపుకు దానికి ఏం సంబంధం లేదు."

ఫ్యాను తిరుగుతోంది. ప్లాస్టరు అంటించిన కిటికీ వైపు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నారు.

"కిటికీలు ఫినాయిలుతో కడిగించాను బాబూ."

ఇంకెవరైనా చెప్పి ఉంటే ఈ ఒక్క మాట మీద నేను పదేళ్లు బతికేవాణ్ని. ఆ రోజు నవ్వు రాలేదు.

"ఇలాంటి తర్జుమా నా టేబుల్ మీదికి వస్తే రాసినవాణ్ని పిలిపించి నిలబెట్టేదాన్ని" అన్నారు ఆవిడ. "నా ఇంట్లోకి వస్తే తలుపేసుకున్నాను."

అప్పుడే సందులో వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"ఏం బండి అది?"

"మీకు తెల్వదా అమ్మా? వాళ్లు ఖాళీ జేసి పోతున్నరు. నారపల్లి దిక్కు."

ఆవిడ అంత వేగంగా లేస్తారని నేను అనుకోలేదు. వంటగదిలో స్టూలు పడిపోయింది. పాత గొళ్లెం వచ్చింది. కొత్తది కదల్లేదు. ఎవరూ రాకుండా గట్టిగా వేయమని చెప్పి వేయించుకున్నది. నేనూ పట్టి లాగాను. చెయ్యి గీసుకుపోయింది తప్ప అది రాలేదు.

"మీరు ముందు నుంచి పరిగెత్తండి బాబూ. ఒక్క నిమిషం ఆపమనండి. నేను తీస్తాను."

పరిగెత్తాను. మట్టి దిబ్బ మీద ఒక చెప్పు పోయింది. వీధి చుట్టి సందులోకి తిరిగేసరికి వ్యాను నా వైపే వస్తోంది. పెద్దావిడ వెనక తలుపు దాటి ఎదురెళ్లి, చేతులు చాపి అడ్డం నిలబడ్డాను. డ్రైవరు బ్రేకు వేసి ఒక తిట్టు తిట్టాడు. క్యాబిన్లో భర్త పక్కన ఆమె ఒళ్లో మూట పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, ఆగు! పెద్దమ్మ పిలుస్తున్నది! తప్పు ఆమెది గాదు, ఆ మెషిన్ది! అది కిటికీలకు వైరస్ అన్నది, వెనక తలుపన్నది, గది నీ తలుపు గాదు, ఇంగ్లిష్ తలుపు..."

నా నోట్లోంచి వస్తుంటే నాకే తెలుస్తోంది. నేను జీవితంలో చెప్పిన కోతలన్నిట్లోకి ఇదే నమ్మశక్యం కానిది. ఆమె భర్త నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇగో, కోతల మెకానిక్! పోయేటప్పుడు గూడ ఒకటి జెప్పి పంపుతున్నడు!"

ఆమె నవ్వలేదు. నా భుజం మీదుగా ఆ ఇంటి వైపు చూసింది.

"పెద్దమ్మ పిలిస్తే పెద్దమ్మనే వస్తది గదన్నా. తలుపు మూసే ఉన్నది, సూడు."

తిరిగి చూశాను. మూసే ఉంది. లోపల ఆవిడ ఏదో పెట్టి గొళ్లేన్ని కొడుతున్నారు. ఇంజను చప్పుడులో అది నాకే వినబడీ వినబడనట్టుంది, క్యాబిన్లోకి ఏం వినబడుతుంది?

"తీస్తున్నదక్కా, ఒట్టు!"

"జరగన్నా" అన్నాడు డ్రైవరు. వెనక ఆటో ఒకటి హారన్ కొడుతోంది. నేను గోడకి జరిగాను. వ్యాను పోయింది. మూల తిరిగేటప్పుడు పైనున్న కూలరు ఒకసారి ఊగింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

పెద్దావిడ చేతిలో పచ్చడి బండ. జుట్టు రేగిపోయి ఉంది. సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. కిందికి చూశారు. గడప పక్కన మెట్టు మీద ఆ స్టీలు గ్లాసు, శుభ్రంగా తోమి, బోర్లించి ఉంది. ఆవిడ ఇంటి గ్లాసు. ఎప్పుడో టీతో పట్టుకెళ్లి ఉంటుంది, పోతూ తిరిగి ఇచ్చేసింది. తలుపు మూసి ఉంది కాబట్టి బయటే పెట్టింది. ఆవిడ వంగి తీసుకుని, కొంగుతో తుడిచి, అరలో పాత చోటే పెట్టారు.

"ఆమె ఫోన్ నంబరున్నదా అమ్మా?"

"గోడవతల మనిషికి నంబరెందుకు బాబూ? గిన్నె చప్పుడు చేస్తే వచ్చేది."

నేను మళ్లీ మెషిన్ ముందు కూర్చున్నాను. చేయాల్సింది చేయాలి కదా. ముందు పాటలన్నీ నా పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టాను. మెషిన్ని సేఫ్ మోడ్‌లో, అంటే తనకు తప్పనిసరైనవి తప్ప ఇంకేవీ లేవకుండా లేపాను. అప్పుడు దొంగవాడు నిద్రలో ఉంటాడు. వాణ్నీ, వాడు వెంటబెట్టుకొచ్చిన ఆ ఉచిత అక్షరాల సాఫ్టువేర్‌నీ జాబితాలోంచి పీకేశాను. మెషిన్ తెరవగానే వాణ్ని లేపమని రాసిపెట్టిన చోట్లన్నీ తుడిచాను. బ్రౌజర్లో దాక్కున్న వాడి తోకను కూడా తీసేశాను. మంచి అక్షరాలు వేరే ఎక్కించాను. పాస్‌వర్డులన్నీ ఫోన్లోంచి మార్పించాను. ఇవన్నీ మీకూ రావాలి, కష్టమేం కాదు. కష్టమైనది ఇందులో ఏదీ కాదు.

చివరికి అసలైన కాపలాదారుతో పూర్తి స్కాన్ పెట్టాను. ఆకుపచ్చ గీత పాకడం మొదలైంది. ఎర్ర పెట్టె లేదు, కూత లేదు. ఆవిడ టీ పెట్టారు. కిటికీల ప్లాస్టరు ఒక్కొక్కటీ గోటితో పీకుతూ హాలంతా తిరిగారు. నాకు కోరుకున్నంత సమయం, చేతిలో వేడి టీ, ఎదురుగా వినే మనిషి. ఒక్క కథా రాలేదు.

గీత చివరికి వచ్చింది. సంచి సర్దుకున్నాను.

"వెనక తలుపు సంగతేమిటి బాబూ?" అన్నారు.

"మూసేసిన అమ్మా. ఫికర్ జెయ్యకున్రి. ఇగ ఎవరూ జొరబడరు."

"అది కాదు" అన్నారు ఆవిడ. "అసలు తలుపు. వెళ్తూ వెళ్తూ మూసేస్తారేమో. తీసే ఉంచండి."

ఒంటి చెప్పుతో ఆ తలుపులోంచే బయటికి వచ్చాను. దాంట్లోంచి వెళ్లడం నాకు అదే మొదటిసారి.

ఆ తర్వాత నారపల్లి వైపు ఏ పని వచ్చినా సేటు నన్నే పంపేవాడు, నేనే అడిగి వెళ్లేవాణ్ని కాబట్టి. అక్కడ పొలాలన్నీ గేట్లయిపోయాయి. ప్రతి గేటు పక్కనా ఒక వాచ్‌మన్ రూమ్. చాలా గేట్ల దగ్గర బండి ఆపి అడిగాను. ప్యాకింగ్ పని చేసిన ఆమె, పాటలు పాడుతుంది, జనగామ దిక్కు. ఏ పేరు అని అడిగేవాళ్లు. పేరు నాకు తెలియదు. పెద్దావిడ 'అది' అనేవారు, నేను 'అక్కా' అనేవాణ్ని.

ఆవిడ అప్పుడప్పుడు షాపుకి ఫోన్ చేసేవారు. "మెషిన్ బాగానే ఉంది బాబూ. అటువైపేమైనా వెళ్లారా?" అని. కనబడింది, మిమ్మల్ని అడిగింది, పండక్కి వస్తానంది, అని చెప్పడం నాకెంత పని? నా జీవితమంతా దానికి తర్ఫీదే. కానీ ఆవిడ, బల్లి ఆడదా మగదా అని అడిగే మనిషి. కుట్టు ఎక్కడ పడలేదో ఇట్టే పట్టుకుంటారు. పట్టుకోకుండా నమ్మేస్తారేమోనన్నది అంతకన్నా పెద్ద భయం. "పోయినమ్మా. కనబడలే" అనేవాణ్ని. "సరే బాబూ" అని పెట్టేసేవారు.

ఇదంతా ఒకసారి షాపులో మా చిన్న మెకానిక్‌కి మొదట్నుంచీ చెప్పాను. పని ఆపి విన్నాడు. ఫినాయిలు దగ్గర పడీ పడీ నవ్వాడు. వ్యాను దగ్గరికి వచ్చేసరికి బల్ల మీదికి వంగాడు. అయిపోయాక ఇంకేదో ఉందన్నట్టు కాసేపు నా ముఖం చూశాడు.

"గదేందన్నా? బండి ఆగలే? అంతసేపు చెప్పి, చివరికచ్చి గిట్ల జేస్తివి. కోతన్నా సక్కగ కొయ్యకపోతివి."

"కోతైతే బండి ఆపకపోదునా" అన్నాను.